ఏనుగు మోసే చట్రం

ఇలా దగ్గరకి జరగండి. జరిగే ముందు ముక్కు మూసుకోండి, ఈ కథ నిండా తుప్పు, మడ్డినూనె, ఎలుకల కంపు. ఆ కంపు భరించలేక ఒకావిడ ఏం చేసిందో చెబుతాను.

ఆవిడ అతుకుల మేస్త్రి భార్య. పాత కార్లని మళ్ళీ కొత్తగా చెయ్యడం ఆయన పని. ఎంత చిల్లులు పడ్డ రేకునైనా అతికించేస్తాడని ఆ పేరొచ్చింది. కింద షెడ్డు, పైన కాపురం. ఆ పొద్దున మనవరాలికి పాలు కాచే గిన్నె కోసం ఆవిడ వంటిల్లంతా వెతికి వెతికి, చివరికి షెడ్డు గుమ్మంలో చూసింది. గిన్నెలో కిరసనాయిలు. కిరసనాయిల్లో బోల్టులు. బోల్టుల మధ్య వెల్లకిలా తేలుతున్న బొద్దింక.

ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇది పసిదాని గిన్నె," అంది.

"తోమితే పోతుందిలేవే," అన్నాడు మేస్త్రి, కారు కింద నుంచి.

అంతే, ఇన్నాళ్ళూ మింగినదంతా కక్కేసింది ఆవిడ. దుప్పట్లో ఇనుప రజను. మంచినీళ్ళ గ్లాసు మీద నల్లటి వేలిముద్రలు. సీటు చింపితే బయటపడిన ఎలుక పిల్లలు, వెంట్రుకైనా మొలవనివి, ఎర్రగా. వాటిని ఏ చేత్తో తీసి పారేశాడో ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నాడు మహానుభావుడు. ఆ గోళ్ళల్లో మసి చూసి ఆవిడ ఆ పూట పస్తు ఉంది.

పోనీ ఆ కారు నడిచేదా అంటే, అదీ లేదు. ఇంజను ఏనాడో ఊడదీసి ఎవరికో ఇచ్చేశాడు. చక్రాల్లేవు, ఇటుక దిమ్మల మీద కూర్చుంది. అయినా ఆ చట్రానికి పూటకో రేకు, పూటకో అడ్డకమ్మీ వేస్తూనే ఉన్నాడు. మొన్న పై గదిలోంచి ఇనప్పెట్టె, బీరువా కూడా కిందకి దింపించేశాడు, కారు సామాన్లు పెట్టుకోవాలట. కదలని కారుకి ఎముకలు గట్టిచెయ్యడం ఎందుకయ్యా అంటే, కప్పుకేసి ఓసారి చూసి మళ్ళీ కారు కిందకి దూరతాడు. పైగా దుమ్ము పడుతుందని కప్పు నుంచి దాని చుట్టూ పట్టా పరదా ఒకటి కట్టాడు. ఆవిడ ఆ పరదాని వేలితో కూడా తాకలేదు. గుమ్మం దాటి లోపల కాలు పెట్టింది కూడా లేదు. ఆవిడకి అంత రోత.

"పైన పచ్చి బాలింత, పసిగుడ్డు. కింద ఈ పెంట," అంది. "ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

మేస్త్రి పాక్కుంటూ బయటికొచ్చాడు. గడ్డం మీంచి మడ్డి కారుతోంది.

"అది ఉంటేనే నువ్వుంటావే," అన్నాడు మెల్లగా. ఇంకేదో అనబోయాడు. పైనుంచి కూతురు పిల్లని జోకొడుతున్న చప్పుడు వినిపించింది. పైకి వినపడుతుందనుకున్నాడో ఏమో, ఇంకో రెండు రేకులు తెస్తానని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆవిడ గుండెల్లో దిగబడింది. కట్టుకున్న పెళ్ళాం కన్నా తుప్పు డొక్కు ఎక్కువైపోయిందన్నమాట. చెంగుతో ముక్కు తుడుచుకుని, వీధి చివర పాత ఇనుము కొనే ఆయనకి కబురు పెట్టింది. పైసా ఇవ్వక్కర్లేదు, కంటికి కనపడకుండా చేస్తే చాలంది.

ఆయన లారీ వేసుకుని వచ్చాడు. పరదా కింద నుంచి చేతులు దూర్చి, చట్రాన్ని తడిమి తడిమి గొలుసు తగిలించాడు. బయటికొచ్చి తల గోక్కున్నాడు.

"అమ్మగారూ, ఇంజను లేదు, చక్రాల్లేవు. చట్రం మాత్రం ఏనుగెక్కినా వంగేలా లేదు. సారు దీని మీద ఏం పెడదామనుకున్నారో?"

"నా నెత్తి," అందావిడ. "నువ్వు లాగు."

లారీ ఉరిమింది. గొలుసు బిగిసింది. కారు కదల్లేదు. ఇంకా గట్టిగా లాగమంది. ఎక్కడో కిర్రుమంది, గుమ్మంలో నిలబడ్డ ఆవిడ నెత్తిన గుప్పెడు సున్నం రాలింది. ఆ డొక్కు పోతూ పోతూ కూడా తన మీద మురికి చల్లిందనుకుని, ఛీ అని దులుపుకుంది.

అప్పుడే పైనుంచి కూతురి గొంతు వినపడింది.

"అమ్మా, ఒకసారి పైకి రా. చక్రాల ఊయల ఎవరూ తొయ్యకుండానే గోడవైపు దొర్లిపోతోంది."

ఆవిడ చెయ్యెత్తింది. లారీ ఆగింది. కొక్కేనికి చిక్కుకున్న పరదా సగానికి చిరిగి జారిపోయింది. దాని వెనకున్న కారుకి పైరేకు లేదు, కోసేసి ఉంది. చట్రం మీద అతికించిన నాలుగు లావుపాటి ఇనుప గొట్టాలు కారులోంచి నిటారుగా లేచి, పై గది కింద నిలువునా నెర్రె విచ్చిన దూలాన్ని మోస్తున్నాయి. గొట్టాల్లో ఒకటి అప్పుడే పక్కకి ఒరిగింది.

మేస్త్రి రేకులు భుజాన వేసుకుని వచ్చేసరికి, ఆ ఒరిగిన గొట్టాన్ని మడ్డీ మసీ చూడకుండా చెంప ఆనించి, రెండు చేతులా కౌగలించుకుని నిలబడి ఉంది ఆవిడ.

గుర్తుపెట్టుకుని మీరూ ఎవరికైనా చెప్పండి. పసిదానికి ఏమీ కాలేదన్న ముక్క మాత్రం, వాళ్ళు అడిగేదాకా చెప్పకండి.