దొంగ లెక్కపెడుతున్నాడు

"నడుం పట్టేసిందండీ, కదల్లేకపోతున్నా!"

స్పీకరులో ముసలాయన గొంతు మూలిగింది. సారు రికార్డింగు ఆపి, మూడో వరసలో కూర్చున్న కొత్తమ్మాయి వైపు చూశాడు.

"చెప్పమ్మా. ఎవర్ని పంపిస్తావు?"

కొత్తమ్మాయి గబుక్కున లేచింది.

"పోలీసుల్ని సార్."

"ఎందుకూ?"

"ఎవరో... ఆయన నడుం పట్టుకున్నారు కదా సార్."

గది గొల్లుమంది. భయంలో నోటికి ఏదొస్తే అది అనేసింది పాపం. నాలుక కరుచుకుని కూర్చుంది.

ఆపదలో ఉన్నవాళ్ళు చేసే ఫోన్లు ఎత్తే ఉద్యోగానికి శిక్షణ అది. అవతలి గొంతు విని పోలీసుల్ని పంపాలో, అంబులెన్సు పంపాలో, ఫైరింజను పంపాలో అప్పటికప్పుడు తేల్చాలి. సారు సగం జీవితం ఆ ఫోన్లు ఎత్తి, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాడు. పాత ఫోన్లు వినిపించి ప్రశ్నలడగడం ఆయన పద్ధతి.

"మాట ఒక్కటే, అర్థాలు సవాలక్ష. 'మా ఆయన మందు తాగాడు' అని ఏడ్చిందొకావిడ. ఏం చేస్తారు?"

"తెల్లారేసరికి దిగిపోతుంది, పడుకోబెట్టమంటాను సార్," అన్నాడు పొడుగబ్బాయి. మళ్ళీ నవ్వులు.

"ఆయన తాగింది పురుగుల మందు నాయనా."

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"అందుకే, మాటొక్కటే వింటే చాలదు. దాని చుట్టూ ఏముందో వినాలి. సరే, ఇది చూద్దాం. బాగా పాతది. ఫోనులో చిన్నపిల్ల. ఇందులో 'దొంగ' ఎవరో మీరు చెప్పాలి."

కొత్తమ్మాయి ఇందులో చేరిన రోజు నుంచీ ఇలాంటిదేదో వస్తుందని బిక్కుబిక్కుమంటూనే ఉంది. లేచి బయటికి పోదామా అనుకుంది. దేవుడా, నన్ను మాత్రం అడక్కూడదు.

స్పీకరు గరగరలాడింది.

"హలో, చెప్పండి." ఆపరేటరుగా ఉన్నది ఎవరో ఆడమనిషి.

"ష్ష్! గట్టిగా మాట్లాడకు. దొంగకి వినపడుతుంది."

"దొంగా? మీ ఇంట్లో ఉన్నాడా?"

"ఊఁ. లెక్కపెడుతున్నాడు."

"ఏంటమ్మా, డబ్బులా?"

"కాదూ! అంకెలు."

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఫోను నువ్వే చేశావా?"

"ఉహూఁ. కింద పడుంటే తీసుకున్నా. నువ్వు హలో అన్నావు."

"ఇప్పుడెక్కడున్నావు?"

"అల్మారాలో. బట్టల వెనకాల."

"దొంగ ఎవరమ్మా?"

"నాన్న."

ఈసారి ఎవరూ ఆపుకోలేకపోయారు. పొడుగబ్బాయి బల్ల చరిచాడు. "దాగుడుమూతలు సార్! పిల్ల ఫోనుతో సహా దాక్కుంది!"

సారు నవ్వలేదు. చెయ్యెత్తి ఆగమన్నాడు.

"అమ్మ కూడా దాక్కుందా?" ఆపరేటరు అడుగుతోంది.

"లేదు. అమ్మ ఔట్."

"ఔటా?"

"ఊఁ. కింద పడిపోయింది. నాన్న లే లే అని అరుస్తున్నాడు. అమ్మ లేవట్లేదు."

పిల్ల మాటల వెనక ఇంకో చప్పుడు వినపడింది. ఎక్కడో పక్కగదిలో ఒక మగగొంతు రొప్పుతోంది. రొప్పుతూనే అంకెలు చెబుతోంది. అంకె అంకెకీ ఏదో బరువుగా, మెత్తగా అదుముతున్న చప్పుడు.

కొత్తమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. అయినా ఆ అంకెలు వినపడుతూనే ఉన్నాయి.

"నువ్వు బయటికి రాకు తల్లీ. పిలిచినా రాకు. అక్కడే ఉండు." ఆపరేటరు గొంతు వణికింది. రికార్డింగు అయిపోయింది.

"ఇప్పుడు చెప్పండి. దొంగ ఎవరు?"

బడిలో పాఠాలు చెప్పే పని మానేసి వచ్చిన పెద్దావిడ మెల్లగా నోరు విప్పింది. "తండ్రే సార్. వాడు ఆవిణ్ణి కొట్టి చంపుతున్నాడు. పిల్లేమో ఆట అనుకుంటోంది. అయ్యో, పసిది..."

"శభాష్! ఆపరేటరు కూడా అదే పసిగట్టింది. వెంటనే పోలీసుల్ని పంపింది. వాళ్ళు వెళ్ళి లోపల అంతా భద్రమని చెప్పాకే అంబులెన్సు కదిలింది. తల్లి దక్కలేదు, పిల్ల దక్కింది. అప్పట్నుంచీ ప్రతి బ్యాచికీ ఇది వినిపిస్తున్నాను."

ఆయన చూపు తన మీద వాలిందని కొత్తమ్మాయికి తల ఎత్తకుండానే తెలిసింది.

"చెవులు మూసుకుంటే ఉద్యోగం ఎలా చేస్తావమ్మా? లే. ఈ ఫోను నీకొస్తే ఎవర్ని పంపిస్తావు?"

లేచి బల్ల అంచు పట్టుకుంది.

"అంబులెన్సుని సార్. ముందు అంబులెన్సుని."

"ఇందాక అంబులెన్సు పంపాల్సినచోట పోలీసులంది, ఇప్పుడు పోలీసుల్ని పంపాల్సినచోట..." పొడుగబ్బాయి గొణిగాడు. నలుగురు నవ్వారు.

సారు కూడా నవ్వాపుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "హంతకుడి చేతిలో పిల్లని వదిలేసి అంబులెన్సా? మరి వాడి సంగతేంటి తల్లీ?"

కొత్తమ్మాయి మొదటిసారి తల పైకెత్తింది.

"పోలీసులొచ్చి పెడరెక్కలు విరిచి పట్టుకునేదాకా మా నాన్న లెక్కపెట్టింది, ఆగిపోయిన అమ్మ గుండెని రెండు చేతులతో నొక్కుతూ సార్."