ఇంకా పొడుగుది

“ఇదీ చాలడం లేదు ఖాదర్! ఇంకా పొడుగుది బిగించు.”

అబూ సాలెహ్ తన చిన్న ట్రైలర్‌ను మళ్లీ మలాజ్‌లోని యాంటెనాల షాపు ముందుకే తెచ్చి నిలబెట్టాడు. ఖఫ్జీ చమురు బావుల్లో పనిచేసి రిటైరైన సౌదీ ఆయన. ఉర్దూ అక్కడే హిందుస్తానీల దగ్గర నేర్చుకున్నాడు. ఎడారిలో ట్రైలర్ నిలిపి, హ్యామ్ రేడియోలో దేశదేశాల వాళ్లతో మాట్లాడుకోవడం ఆయన సరదా.

ఖాదర్ మొహిద్దీన్ ముఖం వెలిగింది. యాంటెనాలు ఖఫ్జీలో దొరకవా? అయినా ఇంత దూరం వస్తున్నాడంటే అది తన షాపుకున్న పేరు. తిరిగొచ్చే కస్టమర్‌ను మించిన లాభం వ్యాపారంలో లేదు.

“నాగేందర్, ఆ పెద్ద మడత గొట్టం తియ్యి.”

ట్రైలర్ పైన ఉన్న ఫిట్టర్ నాగేందర్ కదల్లేదు. ముసలాయనకు అర్థం కాకుండా తెలుగులో అన్నాడు. “ఉన్నదానికేమైంది సేట్? ఇప్పుడే పెట్టి చూసిన. పక్కన కూసొని మాట్లాడినట్టే ఇనబడ్తుంది. ముసలాయన ఉత్తగ మోసపోతడు.”

“పొడుగుది కావాలంటే పొడుగుది ఇస్తాండా. మోసమెట్లయితాదిరా? నీ పని నువ్వు చూస్కో.”

ఇంతలో ప్రొద్దుటూరు నుంచి భార్య మేరాజ్ బేగం ఫోను. “సెల్ టవరోళ్లు అద్దె పంపినారండీ. మిద్దె వాళ్లకిచ్చినప్పటి నుంచి భాయ్‌సాబ్ మాత్రం ఎవురితోనూ మాట్లాడేది లేదు. రాత్రి ఇషా నమాజ్ అయితానే మిద్దె మెట్ల మీద ఒక్కడే కూర్చుంటాడు. ఒక మాట అడిగి పీకించాల్సింది ఆయన గొట్టాలు.”

“తుప్పు గొట్టాల కోసం అన్నకు అంత అలకా? ఆయనే మర్చిపోతాడులే.” ఖాదర్ ఫోన్ పెట్టేశాడు. ఊరికే పడున్న మిద్దెకు అద్దె వస్తుంటే తప్పేముంది?

సాయంత్రానికి కొత్త యాంటెనా లేచింది. అబూ సాలెహ్ మైకు పట్టుకుని పిలిచాడు. ఎవరెవరో పలికారు. ఆయన వాళ్లకు బదులివ్వలేదు. మళ్లీ పిలిచాడు, విన్నాడు, మైకు మెల్లగా కింద పెట్టేశాడు.

“ఇంతమంది పలుకుతున్నారు కదా, ఇంకెవరు కావాలి మీకు?” నవ్వుతూ అడిగాడు ఖాదర్.

“ఒక్క మనిషి. రోజూ నాకిక్కడ మగ్రిబ్, తనకక్కడ ఇషా నమాజ్ కాగానే పలికేవాడు. నా భార్య పోయినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ గొంతే. రేడియో ఉందిగా అని ఫోన్ నంబరు కూడా అడగలేదు. ఈ చలికాలం మొదట్లో ఆగిపోయింది. లోపం నా యాంటెనాలోనే ఉందనుకుంటున్నా.”

నాగేందర్ పైనుంచి ఉర్దూలో అన్నాడు. “మీది బాగానే ఉంది బాబా. అవతలి వాళ్లదే కూలిందేమో.”

ఖాదర్ నవ్వు ఆగిపోయింది. “ఆయనది ఏ ఊరు?”

“ప్రొద్దుటూరు. పేరు బాబావలి. ఈ షాపుకు పంపింది ఆయనే. ‘నా పేరు మాత్రం చెప్పకు, చెబితే మా తమ్ముడు నీ దగ్గర డబ్బు తీసుకోడు’ అన్నాడు.”