అన్నీ ఒకే పేరు మీదికి

"మళ్లీ అదే పాట," అన్నాడు కంప్యూటరు మెకానిక్, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "ఈ ఫోల్డరు తెరవడానికి మీకు అనుమతి లేదట. సొంతింట్లో మనల్నే గుమ్మం బయట నిలబెట్టినట్టుంది కదమ్మా!"

ఎవరూ నవ్వలేదు.

గోడ గడియారంలో మూడుంబావు అయింది. నాలుగింటికి ఇన్‌స్పెక్టరు వస్తానన్నాడు.

కుర్చీ వెనక నిలబడ్డ ఆవిడ చేతిరుమాలును వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. భర్త డాబా మీంచి పడి చనిపోయి తొమ్మిది రోజులైంది. కాలు జారిందనే అందరూ అనుకున్నారు. ఐదో రోజున బావగారు స్టేషనుకు వెళ్లి, తన తమ్ముడు జారిపడే మనిషి కాదనీ, ఎవరో తోసేశారనీ రాసిచ్చి వచ్చారు. ఆ వేళ ఇంట్లో ఉన్నది మొగుడూ పెళ్లాలే. ఆ ఎవరో ఎవరన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఉదయం ఇన్‌స్పెక్టరుతో ఆవిడ ఒక్కటే చెప్పింది. "ఏదైనా రాసుకుంటే ఆయన ఈ ఫోల్డర్లోనే పెట్టేవారండీ."

తీరా నొక్కితే అది తెరుచుకోలేదు.

"మా ల్యాబుకు పంపితే నెల పడుతుంది. నాలుగింటిదాకా టైమిస్తాను, తెరిపించండి. లేదంటే ఈ కంప్యూటరుతో పాటు మీరూ మాతో రావాలి," అని కానిస్టేబుల్‌ను కాపలా పెట్టి వెళ్లాడాయన.

ఆ కానిస్టేబుల్ ఇప్పుడు సోఫాలో జారగిలబడి ఆవలిస్తున్నాడు. బావగారు గుమ్మానికి అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మా వాడు తాళాలు వేసుకునే రకం కాదయ్యా," అన్నారు ఆయన మెకానిక్‌తో. మరదలి ముఖం చూసి మాట్లాడడం మానేసి నాలుగు రోజులైంది.

"తాళం కాదు సార్. ఎవర్ని లోపలికి రానివ్వాలో కంప్యూటరు ఒక జాబితా పెట్టుకుంటుంది. అది పాడైంది. వారానికి ఇలాంటివి నాలుగైనా చూస్తుంటాను."

"ఎవరో ఒకరు చెయ్యందే దానంతటదే ఎలా పాడవుతుంది?"

"చేస్తేనూ అవుతుంది, చెయ్యకపోయినా అవుతుంది. జలుబు చేసినవాణ్ణి పట్టుకుని ఎవరంటించార్రా అని అడిగితే ఏం చెప్తాడు సార్?"

కానిస్టేబుల్ కిసుక్కుమన్నాడు.

మెకానిక్ తెర మీద ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి, అందులోంచి మరో దాంట్లోకి వెళ్లాడు. "ఆ జాబితా కొత్తగా రాయాలంటే ముందు వీటన్నిటికీ మనం ఓనరు అవ్వాలి. దీన్ని వాడేది ఎవరెవరమ్మా?"

"ఇద్దరం వాడేవాళ్లమన్నా. ఎవరి పాస్‌వర్డు వాళ్లదే."

"చూశారా, అదీ చిక్కు! ఒక్కో ఫైలుకూ ఓనర్ని చూసుకుంటూ కూర్చుంటే ఇవాళ తెమలదు. ఇక్కడ టిక్కు పెడితే అన్నీ ఒక్క దెబ్బకి ఒకే పేరు మీదికి వచ్చేస్తాయి. పాత ఓనర్ల పేర్లు పోతాయనుకోండి. పెట్టమంటారా?"

ఆవిడ కానిస్టేబుల్ వైపు చూసింది.

"నన్ను చూస్తారేంటమ్మా? కానీ గురూ, సారొచ్చే వేళయింది. తెరిస్తే చాలు."

"అన్నా, ఫైళ్లకేమీ కాదుగా?" అంది ఆవిడ.

"ఒక్క అక్షరం చెదరదు. అది నా పూచీ."

టిక్కు పడింది. తెర మీద ఫైళ్ల పేర్లు పరుగు మొదలెట్టాయి. ఫొటోలు, కరెంటు బిల్లులు, ఏవో పాత దరఖాస్తులు. ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. రుమాలు బిగిసి వేలి కొన తెల్లబడింది.

నాలుగుకు పది నిమిషాలుండగా పరుగు ఆగింది. ఫోల్డరు తెరుచుకుంది.

"ఇదేంటి, 'అందరికీ' అని ఒక ఫైలుంది? నొక్కు గురూ," అన్నాడు కానిస్టేబుల్, సోఫాలోంచి లేచి వచ్చి.

నాలుగే వాక్యాలు. కానిస్టేబులే పైకి చదివాడు.

'నేనే వెళ్లిపోతున్నాను. అలసిపోయాను. నా భార్యను ఎవరూ ఏమీ అనకండి. అన్నయ్యా, ముఖ్యంగా నువ్వు.'

"ఎప్పటిది?" గుమ్మంలోంచే అడిగారు బావగారు.

మెకానిక్ తేదీ చదివాడు. తమ్ముడు పోయిన రోజుకు సరిగ్గా ముందురోజు.

బావగారు గుమ్మంలోనే చతికిలబడ్డారు. రెండు చేతులతో ముఖం కప్పుకుని పసివాడిలా ఏడ్చారు. కాసేపటికి తలెత్తి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశారు.

"పాపిష్టివాణ్ణమ్మా. నీ మీద లేనిపోని నింద వేశాను. స్టేషనుకొచ్చి నేనే ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను."

"ఊరుకోండి బావగారూ," అంది ఆవిడ మెల్లగా. "మీ తమ్ముడి మీద ప్రేమ మీచేత అలా అనిపించింది."

వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. కానిస్టేబుల్ చొక్కా సర్దుకున్నాడు.

భర్త బతికుండగానే తను టైపు చేసి పెట్టిన ఆ ఉత్తరానికి ఓనరుగా తన పేరే ఉందని మొన్న మధ్యాహ్నం కనిపెట్టి, ఆ పేరును ఇలా ఇంకొకరి చేత చెరిపించడానికే, ఆ ఫోల్డరును ఎవరికీ తెరుచుకోకుండా బిగించింది ఆవిడే.