డ్యూటీ బాకీ

"పద్దెనిమిది వందల గడియారం! విదేశం నుంచి రప్పించడానికి రెండువేలు ముందే కట్టాను కదా భయ్యా?" గుమ్మంలో భాగ్యశ్రీ గొంతు పెంచింది.

"వో షిప్పింగ్ థా దీదీ. కస్టమ్స్ డ్యూటీ బాకీ హై," ఆ రెండువేలూ రవాణాకేనంటూ కొరియర్ అతనూ గట్టిగానే అన్నాడు.

ఆ మాటకు లోపల్నించి ఆమె తండ్రి దానయ్య వచ్చాడు. రాయపూర్ రైల్వేలో గార్డుగా చేసి రిటైరై పదేళ్లయింది. ఒంటిమీద పాత యూనిఫాం, చేతిలో పచ్చజెండా.

"డ్యూటీ ఉందంతన్నాడు కదమ్మా. నాకు చెప్పవేటి?"

ఈరోజు ఏ వారమో మరిచిపోతున్నాడని తెప్పించిన గడియారం అది. ఆయన మరిచిపోయింది పదేళ్లు.

భాగ్యశ్రీ డబ్బు కట్టేసింది.

"నువ్వు కూకో నాన్నా. నిన్ను రిలీవ్ చేయడానికి నేనొచ్చీసేను."

దానయ్య జెండా ఆమె చేతికిచ్చాడు. "అయితే సంతకం ఎట్టు."

కొరియర్ అతను ఫోన్ చాచాడు. తండ్రి చూస్తుండగా ఆమె దానిమీద వేలితో సంతకం పెట్టింది.