ఉప్పు పట్టిన బ్యాట్

"చెయ్యి తిన్నగా చాచి పట్టుకో. కిందికి వాలకూడదు. ఇరవై లెక్కపెడతాను," అంది ఆటసామాన్ల కొట్టు ఏప్రన్ కట్టుకున్న యొకాస్తా.

పదకొండేళ్ళ విల్కిన్ బేస్‌బాల్ బ్యాట్‌ని కుడిచేత్తో ముందుకు చాచాడు.

"ఇప్పుడు కళ్ళు మూసుకో."

"బ్యాట్ కొనడానికి కళ్ళు మూసుకోవడమేంటక్కా?"

"తెరిచి ఉంటే చూపు మోసం చేస్తుంది. చెయ్యి అబద్ధం చెప్పదు. ఒకటి, రెండు..."

ఇరవై దాటినా బ్యాట్ చివర వణకలేదు.

"ఇక ఎడమచేత్తో."

"నాది కుడిచేతి వాటం!"

"కొట్టేది రెండు చేతుల్తోనే కదా?"

విల్కిన్ నవ్వుతూ కొట్టు యజమాని వైపు తిరిగాడు. "ఫెర్మిన్ తాతా, ఎక్కడ దొరికిందీ అక్క? ఇందాక బ్యాట్ బరువెంత అంటే నీ మొహం చూసింది!"

"కొత్త పిల్లరా. ఇవాళే వచ్చింది. కాస్త ఓపిక పట్టు," అన్నాడు డెబ్బై ఏళ్ళ ఫెర్మిన్, ఒళ్ళో గ్లవ్ పెట్టుకుని తోలుతాడు బిగిస్తూ.

గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి మిలాదిస్ మాత్రం నవ్వలేదు. కొడుకు చేతుల మీంచి చూపు తిప్పలేదు.

పన్నెండు రోజుల క్రితం ఆటలో బంతి దూసుకొచ్చి విల్కిన్ హెల్మెట్‌కి తగిలింది. వాడు లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఏం కాలేదన్నాడు. కానీ ఆ తర్వాత మూడుసార్లు కొడుతుండగానే బ్యాట్ చేతుల్లోంచి జారి ఎగిరిపోయింది. మూడోసారి కోచ్ మోకాలికి తగలడం వెంట్రుకవాసిలో తప్పింది. శనివారం లీగ్ జట్టు ఎంపిక. బ్యాట్ విసిరేసేవాణ్ణి ఎవరు తీసుకుంటారు?

"ఈ బ్యాట్‌కీ ఉప్పు పట్టిందమ్మా," అనేవాడు విల్కిన్. అదృష్టం పోయిన బ్యాట్‌ని వాళ్ళ ఊరు సాన్ పెద్రోలో అలాగే అంటారు.

లోపం బ్యాట్‌లో ఉందా, బిడ్డ తలలో ఉందా? మిలాదిస్‌కి కంటి మీద కునుకు లేదు. మంగళవారం ఆస్పత్రికి బయల్దేరదీస్తే వాడు మలుపులో మినీబస్సులోంచి దూకి పారిపోయాడు. సాయంత్రం దాకా కనిపించలేదు. కిందటేడు వాడి స్నేహితుడు మెడ పట్టేసిందని వెళ్తే డాక్టర్ ఏదో కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం చూసి లీగ్ వాళ్ళు ఏడాదంతా బయట కూర్చోబెట్టారు. అప్పట్నుంచీ విల్కిన్‌కి పామన్నా భయం లేదు, తెల్లకోటంటే భయం.

కొత్త బ్యాట్ అనేసరికి మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశాడు.

"నా వేళ్ళు గట్టిగా నొక్కు, రెండు చేతుల్తో. పిడి మందం చూడాలి," అంది యొకాస్తా. "ఇంకా గట్టిగా... అమ్మో, చాలు చాలు!"

"విరగ్గొట్టనా?"

"వద్దు నాయనా, పెళ్ళి కావాలి. తల కదపకుండా బ్యాట్ కొన చూడు. ఇటు... అటు... పైకి. ఇప్పుడు ఒంటికాలి మీద నిలబడు."

"కొంగలాగా?"

"కొట్టేటప్పుడు బరువంతా ఒక కాలి మీదే కదా పడేది?"

నిలబడ్డాడు. తూలలేదు.

"ఎండలో తలనొప్పి వస్తుందా? టోపీ కూడా చూద్దాం."

"నాకెందుకొస్తుంది? అమ్మకి ఇవ్వు. ఆవిడకే ఎప్పుడూ నొప్పి."

"ఆదివారం ఆటలో మీ వాళ్ళు ఎవరి తర్వాత ఎవరు ఆడారు?"

విల్కిన్ తొమ్మిది పేర్లూ వరసగా అప్పజెప్పాడు. ఎవరు పరుగు తీశారో, ఎవరు ఏడ్చారో కూడా చెప్పాడు. యొకాస్తా ఊపిరి వదిలి మిలాదిస్‌ని చూసి మెల్లగా తలూపింది.

ఫెర్మిన్ గ్లవ్ పక్కన పెట్టాడు. "ఇక నా వంతు. ఉప్పు పట్టిందన్న ఆ మహానుభావుణ్ణి ఇలా తే."

మిలాదిస్ సంచిలోంచి తీసిన బ్యాట్‌ని చేతిలో ఊపి చూశాడు ముసలాయన. పక్కన నిలబెట్టి కొలిస్తే విల్కిన్ నడుం దాటింది.

"ఇది మీ మామయ్యది కదరా! ఆయన ఎద్దులా ఉండేవాడు. నీ చేతికి ఎప్పుడొచ్చింది?"

విల్కిన్ నేల చూపులు చూశాడు. "బంతి తగిలిన రోజు. నా చిన్న బ్యాట్‌కి ఉప్పు పట్టిందని నదిలో పారేశా. మర్నాటి నుంచి దీంతోనే."

"ఆ రోజు నుంచా?" మిలాదిస్ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "జారిపోవడమూ అప్పట్నుంచేనా?"

"నీకు చెబితే తిడతావని..."

"ముప్పైమూడు అంగుళాలు! పిడి చూడు, నీ పిడికిట్లో పడుతుందా?" అన్నాడు ఫెర్మిన్. "జారదా మరి? నీ చేతిలో ఉన్న ఇరవై తొమ్మిదే నీకు సరి. ఉప్పు లేదు, కారం లేదు."

మిలాదిస్ యొకాస్తా రెండు చేతులూ పట్టుకుంది. "అయితే... బ్యాటేనా? బ్యాట్ ఒక్కటేనా?"

"బ్యాటేనమ్మా. వాడికి ఏ లోపమూ లేదు. శనివారం హాయిగా ఆడనివ్వండి."

మిలాదిస్ బంతుల పెట్టె మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"అమ్మా, బ్యాట్ కొంటే ఏడుస్తారా ఎవరైనా? పరువు తీయకు!" విల్కిన్ కొత్త బ్యాట్ భుజాన వేసుకుని, వీధిలో వాళ్ళకి చూపించడానికి పరిగెత్తాడు.

వాడు మలుపు తిరిగేదాకా చూసి, ఫెర్మిన్ చెయ్యి చాచాడు.

"ఇక నా ఏప్రన్ ఇచ్చేయండి, డాక్టరమ్మా."