కారం మిల్లులో చమత్కారం

జీపు చప్పుడు వినగానే యలమందయ్య గుండె మిల్లు కన్నా గట్టిగా దడదడలాడింది. నోటీసు గడువు ఇవాళే. కాలవలోకి ఎర్రనీళ్లు వదలడం ఆపకపోతే మిల్లుకు తాళం పడుతుందని కాలుష్యం ఆఫీసు వాళ్లు రాసి నెల అయింది.

గుంటూరు శివార్లలో ఆయనది పేరున్న కారం మిల్లు. కొనేవాళ్లకు దాని మీద మమకారం. పక్క పత్తి చేను బాపయ్యకు మాత్రం ఒళ్లంతా కారం.

"ఏరా యలమందా, నా పత్తి ఎర్రగా కాస్తే గులాబీ చొక్కాలు కుట్టిస్తావా?" అని రోజూ కాలవ గట్టు మీంచి కేకలే. ఇవాళ తమాషా చూడ్డానికి మిల్లులోకే వచ్చి కూర్చున్నాడు.

జీపులోంచి ఒకావిడ దిగింది. భుజాన సంచి. మెళ్లో కార్డు, అదీ వెనక్కి తిరిగి ఉంది. పేరు సిద్దికా అని చెప్పిందో లేదో, యలమందయ్య అందుకున్నాడు.

"రండి మేడమ్! మీ కోసమే చూస్తున్నాం. లిడియా, మొదలెట్టమ్మా!"

లిడియా యూనివర్సిటీలో పరిశోధన చేసే పిల్ల, నోటీసు వచ్చాక యలమందయ్యే వెతికి పిలిపించాడు. బట్టల అద్దకం నీళ్ల కోసం ఒక తెల్లపొడి తయారుచేసింది. దానికి ఎండ తగలాలి, కుదుపూ తగలాలి. కుదిపితే ఆ పొడిలో కరెంటు పుడుతుందట, ఎండతో కలిసి రంగును తుంచేస్తుందట. గుంటూరులో ఎండకు కరువా? కారం మిల్లులో కుదుపుకు కరువా? గాజు తొట్టిని మిల్లు అరుగు మీదే పెట్టింది.

"సార్, దీన్ని బట్టల రంగు మీదే పరీక్షించాను. మిరప నీళ్ల మీద పనిచేస్తుందో లేదో..." అని నసిగింది.

"నువ్వు వెయ్యి తల్లీ! పొడితో బతికేవాణ్ణి, పొడే కాపాడుతుంది."

తొట్టి నిండా మిల్లు కడిగిన నీళ్లు, దానిమ్మ రసంలా ఉన్నాయి. సిద్దికా తొంగి చూసింది.

"ఎరుపు భలే ఉందండీ. ఇదంతా మీ మిరపదేనా?"

"అచ్చంగా మిరపదే మేడమ్! మా కారం ఎరుపంటే ఏమనుకున్నారు!" అని మీసం మెలేశాడు.

ఆవిడ ఆ మాట రాసుకుని, ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి మూత బిగించింది.

మిల్లు ఆడింది. ఎండ కాసింది. ఎరుపు గులాబీ అయింది. గులాబీ వెలిసిపోయింది. గంటన్నరకు మిల్లు ఆపితే తెల్లపొడి అడుగుకు దిగింది. తొట్టి అవతల కూర్చున్న బాపయ్య మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, నీళ్లంత తేట.

"అచ్చం అద్దకం నీళ్లలాగే పోయిందే!" లిడియా కళ్లు పెద్దవయ్యాయి.

"ఒరేయ్ బాపయ్యా, నీ నోరు కూడా ఇందులో కడుక్కోరా!" యలమందయ్య గంతేసినంత పని చేశాడు. "మేడమ్, కారం మాది, అధికారం మీది. ఇక తాళం లేనట్టేగా?"

సిద్దికా నవ్వింది. గ్లాసులో మంచినీళ్లు పోసి, సంచిలోంచి పొట్లం తీసింది.

"మా అమ్మ రోట్లో దంచిన కారం," అంటూ చిటికెడు చల్లింది. కొంత తేలింది, కొంత మునిగింది. నీళ్లు మాత్రం నీళ్లలాగే ఉన్నాయి.

"మిరప ఎరుపు నూనెలో దిగుతుంది గానీ నీళ్లలో దిగదు కదండీ యలమందయ్య గారూ," అంది ఎర్రనీళ్ల సీసాను జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంటూ, "నేను వచ్చింది కాలుష్యం ఆఫీసు నుంచి కాదు, ఆహార కల్తీ విభాగం నుంచి."