పుణ్యవతి అరెస్టు కాగితం

ఇలా దగ్గరికి జరగండి, ఇది వీధిలోకి వినబడేలా చెప్పే సంగతి కాదు.

లంజిపల్లిలో తమ్ముడింట్లో దిగిన పుణ్యవతికి నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు. అమెరికాలో కూతురి దగ్గర ఉంటోంది కదా, పదేళ్ల గ్రీన్ కార్డు గడువు ముగిసిపోతోంది. కొత్తది రాకపోతే మనవరాలు రింకిని మళ్ళీ ఎప్పుడు చూస్తుందో ఏమో! ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అక్కడి లాయరు అడిగాడట. కూతురు సాయిసుధ గర్వంగా చెప్పేసింది: "మా అమ్మ సారాకొట్టు మూయించడానికి జైలుకెళ్ళిన మనిషి!"

ఇంకేముంది! అరెస్టయినంత మాత్రాన కార్డు పోదన్నాడు లాయరు. దాస్తేనే ముప్పు. ఆ కేసు ఏమైందో పోలీసులో, కోర్టువాళ్ళో రాసిచ్చిన కాగితం తెమ్మన్నాడు.

"నీ నోటికి తాళం లేదేటే?" ఫోన్లో కూతుర్ని కడిగేసింది పుణ్యవతి.

"అదేటమ్మా, సిన్నప్పట్నించి నువ్వే గదా సెప్పినావు!"

తమ్ముడు కూర్మారావు వదల్లేదు. పొలసర దాటించి, ఆ సారాకొట్టు గొడవ జరిగిన, తాము పుట్టిన ఒడియా ఊరి ఠాణాకి బస్సులో లాక్కెళ్ళాడు. మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"ఎనక్కి ఎల్లిపోదాం రా తమ్ముడూ. కార్డు లేకపోతే మానె."

"నువ్వేటి కోళ్ళు దొంగిలించినావా అప్పా? తలెత్తుకుని నడు!"

లోపల కుర్ర ఇన్‌స్పెక్టరు పద్మిని ఉంది. ముప్పై ఏళ్ళ కిందటి సారా గొడవ అనగానే లేచి, "బొసొంతు మావుసీ" అని ఒడియాలో, కూర్చోండి పిన్నీ అంటూ తన కుర్చీ జరిపింది. ఆ కథ చెప్పమంది.

అడిగాక ఆగుతుందా పుణ్యవతి! రోడ్డుకి అడ్డంగా ఆడవాళ్ళు కూర్చోవడం, పోలీసులు లారీ ఎక్కించడం, లాకప్పులో దోమలు, పేపరు పొట్లంలో ఇచ్చిన మరమరాలు, తెల్లవార్లూ పాడిన పాటలు, అన్నీ ఒడియాలో పూసగుచ్చినట్టు చెప్పింది. రైటరు కలం పక్కన పెట్టి మరీ విన్నాడు.

"ఇంతటి మనిషి రికార్డు ఎలాగైనా తీస్తాం" అంది ఇన్‌స్పెక్టరు.

పుణ్యవతి వద్దువద్దంటూ లేవబోయింది.

రెండు గంటలు వెతికారు. చేతుల దుమ్ము దులుపుకుంటూ వచ్చింది పద్మిని. "అప్పటి కాగితాలు ఎప్పుడో తీసేశారు మావుసీ. మీ పేరున ఏ కేసూ లేదని రాసిస్తాను, చాలా?"

పుణ్యవతి ఎంత గట్టిగా ఊపిరి వదిలిందంటే బల్ల మీది కాగితాలు కదిలాయి.

ఆ కాగితమే చాలింది. లాయరు పంపాడు, కార్డు వచ్చింది. కూర్మారావు వీధంతా మిఠాయి పంచాడు. "మా అప్పని పట్టుకున్నందుకు సిగ్గేసి, పోలీసోలు పేరే రాసుకోనేదు!" అని చాటాడు. రింకి అయితే బళ్ళో 'మా అమ్మమ్మ' అని వ్యాసం రాసి బహుమతి కొట్టింది.

మీరూ గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి గానీ, రింకి చెవిన మాత్రం పడనివ్వకండి: ఆనాడు పోలీసు లారీ మలుపులో కనబడగానే పుణ్యవతి పరుగెత్తిపోయి పశువుల పాకలో గడ్డి కింద దూరింది, ఆ లాకప్పు కథంతా మర్నాడు విడుదలై వచ్చిన పక్కింటి కూర్మమ్మ చెప్పగా విన్నదే.